పెన్షన్ ఎందుకు తగ్గింది? ఏ కోత రూల్ ప్రకారం, ఏది కాదు

ఒకటో తారీఖున ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. పోయిన నెల కంటే ఈ నెల తక్కువ పడింది. బ్యాంకులో అడిగితే ‘మాకు తెలీదు, ట్రెజరీలో అడగండి’ అంటారు. ట్రెజరీకి పోతే ‘పైనుంచి అట్లనే వచ్చింది’ అంటారు. జుమా నమాజ్ అయ్యాక మస్జిద్ బయట రిటైరైన టీచర్లు, పోలీసులు, రైల్వే వాళ్లు నిలబడి మాట్లాడుకునే మాటల్లో సగం ఇవే. ఒకరికి కమ్యుటేషన్ ఇంకా కట్ అవుతోంది, ఒకరికి పదేళ్ల కిందట ఎక్కువ ఇచ్చామని రికవరీ నోటీసు వచ్చింది, ఇంకొకరి ఇంట్లో భర్త పోయాక బేవాకు వచ్చే డబ్బు ఒక్కసారిగా పడిపోయింది.

ఈ మూడూ చేతికొచ్చే డబ్బు తగ్గడమే. కానీ మూడింటికీ కారణాలు వేరు, జవాబులూ వేరు. అందుకని ఎవరైనా మొదట అడగాల్సింది ‘ఎంత తగ్గింది’ అని కాదు, ‘ఏ రూల్ కింద తగ్గించారు’ అని. పెన్షన్ ప్రభుత్వం దయతో ఇచ్చేది కాదని, అది ఉద్యోగి హక్కు అని సుప్రీంకోర్టు 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులోనే చెప్పింది. 2013లో జార్ఖండ్ ప్రభుత్వం, జితేంద్ర కుమార్ శ్రీవాస్తవ కేసులో ఇంకో అడుగు ముందుకేసింది. పెన్షన్, గ్రాట్యుటీ ఆస్తి కిందికి వస్తాయని, చట్టబలం ఉన్న రూల్ లేకుండా వట్టి ఆఫీసు ఉత్తర్వుతో వాటిని ఆపకూడదని తేల్చింది.

కరోనా కాలంలో ఈ సంగతి మన రెండు రాష్ట్రాల్లోనూ బయటపడింది. 2020 మార్చి నెల పెన్షన్‌లో రెండు ప్రభుత్వాలూ సగం ఆపాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఒక రిటైర్డ్ జడ్జి హైకోర్టుకు వెళ్లారు. ఆపిన జీతాలు, పెన్షన్లు 12 శాతం వడ్డీతో ఇవ్వాలని హైకోర్టు చెప్పింది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది గానీ ఇవ్వాల్సిందే అన్న మాటను మార్చలేదు. తెలంగాణలో మాత్రం 2020 జూన్‌లో ఆర్డినెన్స్ తెచ్చి, చేసిన కోతకు చట్టం అండ తెచ్చుకున్నారు. ఒక జీవోతో చేసిన పనికి తర్వాత ఆర్డినెన్స్ ఎందుకు కావాల్సి వచ్చిందో ఆలోచిస్తే, ‘ఏ రూల్’ అన్న ప్రశ్నకు ఎంత బరువుందో తెలుస్తుంది.

మన సంతకంతోనే మొదలయ్యే కోత

ఎక్కువ మందికి నెలనెలా కట్ అయ్యేది కమ్యుటేషన్. రిటైరయ్యే రోజు పెన్షన్‌లో కొంత భాగాన్ని ప్రభుత్వానికి వదిలేసి, దానికి బదులు ఒకేసారి మొత్తం తీసుకోవడం. 40 శాతం దాకా ఇలా వదులుకోవచ్చు. ఆడపిల్ల నికా ఉన్నా, ఇల్లు సగంలో ఆగినా, హజ్ నియ్యత్ ఉన్నా చాలామంది పూర్తి 40 శాతానికీ సంతకం పెడతారు. తప్పేమీ లేదు, లెక్క తెలిసి పెడితే చాలు.

కేంద్ర ప్రభుత్వంలో 60 ఏళ్లకు రిటైరైన ఒక ఉద్యోగికి నెలకు 30,000 రూపాయల పెన్షన్ అనుకుందాం. 40 శాతం అంటే 12,000. కేంద్రం పట్టికలో ఆ వయసుకు ఉన్న సంఖ్య 8.194. 12,000ను 12 నెలలతో, తర్వాత 8.194తో గుణిస్తే 11,79,936 రూపాయలు. ఇది చేతికి వస్తుంది. ఆ తర్వాత నెలకు 12,000 చొప్పున 15 ఏళ్లు కట్ అవుతుంది. 180 నెలలకు మొత్తం 21,60,000. తీసుకున్న అసలు ఎనిమిదేళ్ల రెండు మూడు నెలల్లోనే తీరిపోతుంది. మిగతా ఏళ్ల కోత పట్టికలో కలిపిన 8 శాతం వడ్డీకి, మధ్యలో చనిపోయే వాళ్ల విషయంలో ప్రభుత్వం వదులుకునే సొమ్ముకు. (ఇది వడ్డీ లావాదేవీ అవుతుందా అని మన పెద్దవాళ్లు అడుగుతుంటారు. అది ఆలిములను అడగాల్సిన మాట, నేను చెప్పగలిగింది లెక్క వరకే.)

15 ఏళ్ల గడువు సబబేనని సుప్రీంకోర్టు 1986లో కామన్ కాజ్ కేసులో ఒప్పుకుంది. 12 ఏళ్లకే పూర్తి పెన్షన్ ఇచ్చేయాలని అయిదో వేతన సంఘం సిఫారసు చేసినా అమలు కాలేదు. ఉద్యోగ సంఘాలు ఇప్పటికీ అదే అడుగుతున్నాయి. వడ్డీ రేట్లు ఇంత తగ్గాక పాత గడువే పట్టుకుని కూర్చోవడం న్యాయంగా కనిపించదు. కానీ రూల్ మారే దాకా 15 ఏళ్లే.

ఇక్కడ మన వాళ్లు నష్టపోయేది మూడు చోట్ల. మొదటిది, 15 ఏళ్లు నిండాక కూడా కోత ఆగకపోవడం. కోత మొదలైన తేదీ పీపీఓలో, ట్రెజరీ రికార్డులో ఉంటుంది. 2010 ఆగస్టు నుంచి కట్ అవుతుంటే 2025 జులైతో అయిపోవాలి. దానంతట అదే ఆగుతుందిలే అనుకోకుండా ఒకటి రెండు నెలల ముందే అర్జీ పెట్టి రసీదు తీసుకోవడం మంచిది. రెండోది డీఆర్. కరువు భత్యం లెక్కించాల్సింది కోత పోగా మిగిలిన పెన్షన్ మీద కాదు, పూర్తి పెన్షన్ మీద. పై ఉదాహరణలో 18,000 మీద డీఆర్ వేస్తే తప్పు, 30,000 మీద వేయాలి. మూడోది అన్నిటికంటే ముఖ్యం. పెన్షనర్ ఇంతికాల్ అయితే కమ్యుటేషన్ కోత అక్కడితో సరి. బాకీ మిగిలిందని భార్య ఫ్యామిలీ పెన్షన్‌లో ఒక్క రూపాయి కూడా పట్టకూడదు.

వైకల్యం వచ్చినప్పుడు: రాజీనామా రాయకముందే చదవండి

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. ఎందుకంటే మిగతా కోతలు వేలల్లో ఉంటాయి, ఇక్కడ పోయేది సగం జీవితపు జీతం.

పక్షవాతం, యాక్సిడెంట్, కంటిచూపు పోవడం, కిడ్నీల జబ్బు. ఇంటి పెద్ద ఆరు నెలలు మంచం పడతాడు. సెలవులు అయిపోతాయి. ఆఫీసులో ఎవరో ఒకరు, చాలాసార్లు మంచి మనసుతోనే, ‘మెడికల్ గ్రౌండ్స్ మీద రిటైర్మెంట్ పెట్టేయండి భాయ్, పెన్షన్ వస్తుంది కదా’ అంటారు. ఇంట్లో వాళ్లు కాగితం మీద వేలిముద్ర వేయించి ఇచ్చేస్తారు.

ఆ కాగితం ఖరీదు ఎంతో చూద్దాం. మన రెండు రాష్ట్రాల్లో పాత పెన్షన్ విధానంలో ఉన్నవాళ్లకు 1980 నాటి రివైజ్డ్ పెన్షన్ రూల్స్ వర్తిస్తాయి. వాటి ప్రకారం పూర్తి పెన్షన్‌కు, అంటే జీతంలో సగానికి, 33 ఏళ్ల సర్వీసు కావాలి. తక్కువైతే ఆ నిష్పత్తిలో తగ్గుతుంది. 60,000 మూల వేతనం, 22 ఏళ్ల సర్వీసు ఉన్న ఉద్యోగికి సగం 30,000. దాన్ని 22తో గుణించి 33తో భాగిస్తే 20,000. కొన్ని సందర్భాల్లో సర్వీసుకు కొన్నేళ్లు కలుపుతారు గానీ తేడా తేడానే. కేంద్ర ఉద్యోగులకు ఈ 33 ఏళ్ల లెక్క పోయింది, పదేళ్లు నిండితే సగం వస్తుంది. అయినా సగమే. ఇంకా పదేళ్లు జీతం, ఇంక్రిమెంట్లు, ఇంటద్దె భత్యం రావాల్సిన మనిషి 20,000 దగ్గర ఆగిపోతాడు. రేపు భార్యకు వచ్చే ఫ్యామిలీ పెన్షన్ కూడా ఈ రోజు ఆగిపోయిన జీతం మీదే లెక్క కడతారు.

చట్టం చెప్పేది దీనికి పూర్తిగా వేరు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్‌లోని నాలుగో ఉపవిభాగం ప్రకారం, సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే పే స్కేల్, అవే సర్వీసు ప్రయోజనాలతో వేరే పోస్టుకు మార్చాలి. అలాంటి పోస్టు లేకపోతే, ఖాళీ వచ్చే దాకా లేదా రిటైర్మెంట్ వయసు దాకా, ఏది ముందైతే అంతవరకు, అదనపు పోస్టు సృష్టించి అందులో ఉంచాలి. అంటే డ్రైవర్‌కు కాలు పోతే స్టీరింగ్ ఇవ్వనక్కర్లేదు, కానీ జీతం ఆపకూడదు.

1995 చట్టంలో ఇదే రక్షణ 47వ సెక్షన్‌గా ఉండేది. కునాల్ సింగ్ అనే కానిస్టేబుల్‌కు డ్యూటీలో గాయమై ఎడమ కాలు తీసేశారు. పనికిరాడని సర్వీసు నుంచి పంపేశారు. ఇన్వాలిడ్ పెన్షన్ ఇచ్చాం కదా అని ప్రభుత్వం వాదించింది. పెన్షన్ ఇచ్చినంత మాత్రాన 47వ సెక్షన్ హక్కు పోదని 2003 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇప్పటికే ఇన్వాలిడ్ పెన్షన్ తీసుకుంటున్న వాళ్లకు కూడా ఈ తీర్పు పనికొస్తుంది. మన దగ్గరి కేసు ఇంకొకటి: కలర్ బ్లైండ్‌నెస్ ఉందని తెలంగాణ ఆర్టీసీ ఒక డ్రైవర్‌ను రిటైర్ చేస్తే, తగిన పోస్టు చూపకుండా పంపేయడం కుదరదని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పి, మళ్లీ ఉద్యోగం ఇవ్వమంది. అయితే పోయిన జీతంలో నాలుగో వంతే ఇప్పించింది. తొమ్మిదేళ్లు ఆగిన కుటుంబానికి అదీ ఒక కోతే.

ఒక మినహాయింపు గుర్తుంచుకోవాలి. కేంద్ర సాయుధ పోలీసు దళాల్లో పోరాట విధుల పోస్టులను 2021లో ఈ సెక్షన్ నుంచి మినహాయించారు. పిల్లలు సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ లాంటి వాటిలో ఉన్న ఇళ్లకు ఇది చేదు వార్తే.

కాబట్టి సర్వీసులో ఉన్న మనిషికి వైకల్యం వస్తే రిటైర్మెంట్ అర్జీ కాదు, పోస్టు మార్చమని 20వ సెక్షన్ పేరు రాసి అర్జీ ఇవ్వాలి. దానికి వైకల్య ధ్రువపత్రం జత చేయాలి. ఆఫీసు ఒప్పుకోకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయొచ్చు, ఆ తర్వాత కోర్టు ఉండనే ఉంది.

డ్యూటీ వల్లే వైకల్యం వచ్చినవాళ్ల లెక్క వేరు. కేంద్రంలో అలాంటి వాళ్లకు మామూలు పెన్షన్‌తో పాటు వైకల్యపు భాగం అదనంగా వస్తుంది. నూరు శాతం వైకల్యానికి మూల వేతనంలో 30 శాతం, తక్కువైతే ఆ మేరకు. ఇక్కడ రెండు చోట్ల తగ్గుతుంది: డాక్టర్లు రాసే శాతం, ‘డ్యూటీ వల్ల’ అన్న మాట రికార్డులో ఉండటం. ప్రమాదం జరిగిన రోజు రిపోర్టు, ఆసుపత్రిలో చేరిన కాగితం దాచని ఇళ్లు ఈ రెండో చోటే ఓడిపోతాయి.

ఎక్కువ ఇచ్చాం, వాపసు ఇవ్వండి

రిటైరయ్యే ముందు సర్వీసు పుస్తకం తిరగేస్తారు. పదిహేనేళ్ల కిందట ఇంక్రిమెంట్ తప్పుగా కలిపారని అప్పుడు తెలుస్తుంది. గ్రాట్యుటీలో లక్షలు పట్టేస్తారు, లేదా పెన్షన్‌లో నెలనెలా. తప్పు ఆఫీసుది, కట్టాల్సింది మాత్రం ముసలాయన.

2014 డిసెంబర్ 18న పంజాబ్ ప్రభుత్వం, రఫీఖ్ మసీహ్ కేసులో సుప్రీంకోర్టు దీనికి హద్దులు గీసింది. మూడు, నాలుగు తరగతుల ఉద్యోగుల నుంచి, రిటైరైన వాళ్ల నుంచి, ఏడాదిలో రిటైరయ్యే వాళ్ల నుంచి, అయిదేళ్లకు పైగా ఎక్కువ ఇస్తూ వచ్చిన సొమ్మును రాబట్టకూడదంది. అటెండర్లు, రికార్డ్ అసిస్టెంట్లు, జూనియర్ అసిస్టెంట్లు దీని కిందికి వస్తారు. నోటీసు వస్తే ఈ తీర్పు పేరు రాసి జవాబివ్వాలి. ఊరుకోకూడదు.

కానీ ఒక మెలిక ఉంది. ‘ఎక్కువ ఇస్తే వాపసు చేస్తాను’ అని హామీపత్రం మీద సంతకం పెట్టి ఉంటే, వాపసు తీసుకోవచ్చని 2016లో జగ్దేవ్ సింగ్ కేసులో అదే కోర్టు చెప్పింది. అది ఒక జడ్జి పదవిలో ఉన్న అధికారి విషయం. అయినా ఆఫీసులు దాన్ని అందరి మీదా వాడుతుంటాయి. పీఆర్సీ వచ్చినప్పుడల్లా ఆఫీసులో ముందుకు తోసే కాగితాల్లో ఈ హామీపత్రం ఉందేమో చూసుకోండి. అందులో ఏముందో చదవకుండా సంతకం పెట్టకండి, కాపీ దగ్గర ఉంచుకోండి.

క్రమశిక్షణ చర్య కింద చేసే కోత ఇంకొకటి. తీవ్రమైన తప్పు రుజువైతే పెన్షన్‌లో కొంత లేదా మొత్తం ఆపే అధికారం ప్రభుత్వానికి ఉంది. మన రాష్ట్రాల రూల్స్‌లో అది 9వ నంబరు. రిటైరయ్యాక కొత్తగా విచారణ మొదలుపెడితే, నాలుగేళ్లకు ముందు జరిగిన సంగతి మీద పెట్టకూడదు. ప్రభుత్వానికి కలిగిన నష్టాన్ని పెన్షన్ నుంచి రాబట్టేటప్పుడు మామూలుగా మూడో వంతుకు మించి పట్టకూడదు. అప్పులవాళ్ల సంగతికొస్తే, 1871 నాటి పెన్షన్ల చట్టం ప్రకారం వాళ్ల బాకీకి పెన్షన్‌ను జప్తు చేయడం కుదరదు. పెన్షన్ మీద మీరే లోన్ తీసుకుని కిస్తీ పట్టుకోమని రాసిచ్చి ఉంటే అది వేరే సంగతి.

భర్త పోయాక

ఫ్యామిలీ పెన్షన్ మామూలు రేటు చివరి జీతంలో 30 శాతం. మొదట్లో కొన్నేళ్లు మాత్రం పెంచిన రేటు, అంటే 50 శాతం దాకా ఇస్తారు. కేంద్రంలో రిటైరయ్యాక చనిపోతే ఆ పెంచిన రేటు ఏడేళ్లు, లేదా ఆయన బతికుంటే 67 ఏళ్లు నిండే తేదీ, ఏది ముందైతే అప్పటిదాకా. 60,000 జీతంతో 60కి రిటైరై 63 ఏళ్లకు పోయిన వ్యక్తి భార్యకు నాలుగేళ్లు 30,000, తర్వాత 18,000. సర్వీసులో ఉండగా పోతే పెంచిన రేటు పదేళ్లు. తేదీ ముందే తెలిస్తే ఇంటి ఖర్చు దానికి తగ్గట్టు సర్దుకోవచ్చు. తెలియక చాలామంది బేవాలు ఎవరో మోసం చేశారనుకుని ఏజెంట్ల చేతిలో పడుతున్నారు.

మన ఇళ్లలో తకరారు వచ్చేది ఇంకో చోట. ఫ్యామిలీ పెన్షన్ తర్కాలో భాగం కాదు. అన్నదమ్ములు, తల్లి, ఆడపిల్లల వాటాలు షరీయత్ ప్రకారం పంచుకునే ఆస్తిలో అది రాదు. రూల్స్ ఎవరి పేరు చెప్తే వాళ్లకే. ఉద్యోగి వదిలిపోయిన ఆస్తిలోకి ఇది రాదని సుప్రీంకోర్టు 1991లో వయొలెట్ ఐజాక్ కేసులో చెప్పింది. వీలునామా రాసినా చెల్లదు.

ఇద్దరు భార్యలుంటే పెన్షన్ ఇద్దరికీ సమానంగా పంచుతారు. ఒకరు చనిపోతే ఆమె వాటా అర్హులైన ఆమె పిల్లలకు, వాళ్లు లేకపోతే రెండో ఆవిడకు. ఇది వినడానికి సులువుగానే ఉంటుంది. కానీ భార్య ఉండగా ప్రభుత్వ అనుమతి లేకుండా మరో నికా చేసుకోవడం, పర్సనల్ లా ఒప్పుకున్నా సరే, ప్రవర్తనా నియమావళి ప్రకారం తప్పు. అనుమతి తీసుకోక, సర్వీసు రికార్డులో పేరు ఎక్కించక దాచిపెట్టినందుకు బాధ పడేది ఆయన కాదు, ఆయన పోయాక ఆఫీసుల చుట్టూ నికానామా పట్టుకుని తిరిగే ఆవిడ.

విడాకులైన కూతురి విషయమూ అంతే. కేంద్రం 2017లో ఇచ్చిన వివరణ ప్రకారం, తల్లి లేదా తండ్రి బతికుండగానే విడాకుల కేసు కోర్టులో వేసి ఉంటే, తీర్పు తర్వాత వచ్చినా కూతురు అర్హురాలే. మన దగ్గర తలాక్, ఖులా చాలావరకు ఖాజీ దగ్గరే తేలిపోతాయి, కోర్టు కాగితం ఉండదు. వాపస్ వచ్చి తల్లిదండ్రుల దగ్గరే ఉంటున్న కూతురుంటే, వాళ్లు బతికుండగానే వకీలును కలిసి కోర్టు ద్వారా డిక్లరేషన్ తీసుకోవడం గురించి మాట్లాడండి. వైకల్యం వల్ల సంపాదించలేని బిడ్డ ఉంటే అతని పేరు ఇప్పుడే పీపీఓలో చేర్పించండి. ఆ బిడ్డకు జీవితాంతం వచ్చే అవకాశం ఉంటుంది.

2004 తర్వాత చేరినవాళ్లకు, అంటే కేంద్రంలో జనవరి 1 నుంచి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సెప్టెంబర్ 1 నుంచి, ఈ లెక్కలన్నీ మారిపోతాయి. సీపీఎస్‌లో వచ్చేది జమైన సొమ్మును బట్టి. అయినా కేంద్ర ఉద్యోగి సర్వీసులో చనిపోయినా, వైకల్యంతో బయటికొచ్చినా 2021 రూల్స్ కింద పాత పెన్షన్ ప్రయోజనాలు పొందే ఆప్షన్ ఉంది. దాని ఫారం నింపారో లేదో ఇంట్లో వాళ్లు ఈ వారమే అడగండి.

అసలు ఆగిపోతే

పెన్షన్ తగ్గకుండా మొత్తమే ఆగిందంటే ముందు లైఫ్ సర్టిఫికెట్ చూడండి. కేంద్ర పెన్షనర్లు నవంబర్‌లో ఇవ్వాలి, 80 దాటిన వాళ్లకు అక్టోబర్ నుంచే వీలుంది. రాష్ట్ర పెన్షనర్లకు ట్రెజరీ చెప్పిన గడువు. ఆలస్యమైతే ఆపుతారే గానీ పెన్షన్ పోదు, సర్టిఫికెట్ ఇచ్చాక బకాయితో సహా వేస్తారు. వేళ్ల ముద్రలు అరిగిపోయిన వాళ్లకు, మంచం దిగలేని వాళ్లకు జీవన్ ప్రమాణ్‌లో ముఖం చూపించి ఇచ్చే పద్ధతి వచ్చింది. మనవడి ఫోన్ చాలు.

మిగతా అన్నిటికీ కాగితమే ఆధారం. నోటిమాటగా అడిగితే నోటిమాటగానే జవాబొస్తుంది. పీపీఓ నంబరు, తగ్గిన నెల, తగ్గిన మొత్తం రాసి, ఏ రూల్ కింద తగ్గించారో లిఖితంగా చెప్పమని అడగాలి. రాష్ట్ర పెన్షనర్లు ట్రెజరీకి, పీపీఓలోనే తప్పుంటే అకౌంటెంట్ జనరల్ ఆఫీసుకు రాయాలి. కేంద్ర పెన్షనర్లు బ్యాంకు పెన్షన్ సెంటర్‌కు రాసి, కదలిక లేకపోతే సీపెన్‌గ్రామ్స్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి. జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు. రెండు రాష్ట్రాల్లోనూ ఉర్దూ రెండో అధికార భాషే, ఉర్దూలో రాసుకోవాలనుకునే పెద్దవాళ్లు రాయొచ్చు. ఫైలు తొందరగా కదలాలంటే మాత్రం తెలుగు కాపీ ఒకటి జత చేసి, రెండింటి మీదా ముద్ర వేయించుకోండి.